దీపానికి తిండి చాలడం లేదు

మా మావయ్య మోటారు సైకిలు డీజిల్‌తో నడిచేది. అది షాపులో కొన్నది కాదు, ఆయన చేతులతో చేసుకున్నది. ఆయన ఐసు ఫ్యాక్టరీలో జనరేటర్ల మెకానిక్కు. అక్కడ ఓ చిన్న జనరేటరు మూలపడితే, దాని ఇంజను అడిగి తెచ్చుకుని, ఓ పాత మోటారు సైకిలు ఛాసీలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాడని ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ, అది కూర్చునేసరికి ఇంట్లోవాళ్లకి తల ప్రాణం తోకకొచ్చింది. వరండా నిండా ఇనప ముక్కలు. అత్తయ్య కుట్టు మిషను పక్కనే గేరు బాక్సు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు గేరు బాక్సు మీంచి ఓ కాలు వేసి, గ్రీజు డబ్బా తప్పించి రెండో కాలు పెట్టి లోపలికి రావాల్సి వచ్చేది.

"మీరు బండి కడుతున్నారో, ఇల్లు విప్పుతున్నారో ఒక్కసారి తేల్చి చెప్పండి. దాన్నిబట్టి నేను సర్దుకుంటాను" అనేది అత్తయ్య.

మావయ్య నవ్వేవాడు. ఆయన పోట్లాడే మనిషి కాదు. పక్క వాటాలోనే మేముండేవాళ్లం కాబట్టి ఆ ఇంట్లో జరిగేదంతా మాకు గోడలోంచి వినిపించేది. వాళ్లిద్దరూ గొంతు పెంచి మాట్లాడుకోగా నేను విన్నది తక్కువ.

బండి చివరికి కదిలింది. దాని చప్పుడు బండి చప్పుడులా ఉండేది కాదు, పిండి మరను ఎవరో తరుముతుంటే అది పారిపోతున్నట్టు ఉండేది. వీధి మలుపులో ఆ చప్పుడు వినపడగానే అత్తయ్య మిషను ఆపి, లేచి టీకి నీళ్లు పెట్టేది. ఆయన గేటు తీసి, బండి లోపలికి తోసి, చేతులు కడుక్కునేసరికి గ్లాసు సిద్ధంగా ఉండేది.

ఆ ఇంజనుకు కరెంటుతో పనిలేదు. పెట్రోలు బండికి ఉన్నట్టు దానికి ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ అక్కర్లేదు. పక్కనున్న చిన్న మీట ఎత్తిపట్టి, కిక్కరు మీద నిలబడి బలంగా ఒక్క తన్ను తన్ని, మీట వదిలేస్తే చాలు. ఇక ట్యాంకులో డీజిల్ ఉన్నంతసేపూ నడుస్తూనే ఉంటుంది. కరెంటు కావలసిందల్లా ముందున్న దీపానికే. అదే మావయ్యకు తలనొప్పి అయింది.

ఓ సాయంత్రం, పొద్దు వాలి వీధి దీపాలింకా వెలగని వేళ, రోడ్డు వారగా ఆపి ఉన్న తోపుడు బండిని గుద్దేశాడు. దాని చక్రం విరిగింది, ఈయన మోకాలు చెక్కుకుపోయింది. తోపుడు బండివాడు లబోదిబోమన్నాడు. "ఇంత బండి కనపళ్లేదా సార్? పక్కన నేను కూడా నిలబడే ఉన్నానుగా!" అన్నాడు. మావయ్య మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఆ చక్రం తనే బాగుచేసి ఇచ్చాడు. తర్వాత తిన్నగా ఫ్యూజు దగ్గరికి వెళ్లాడు.

ఫ్యూజు మా వీధి చివర బళ్లకు కరెంటు పని చేసేవాడు. ఏ మాటన్నా చటుక్కున మండి, మళ్లీ అంతలోనే చల్లారిపోతాడని అందరూ ఆ పేరు పెట్టారు. మావయ్యను అన్నా అని పిలిచేవాడు.

"ఒరేయ్ ఫ్యూజూ, దీపానికి తిండి చాలడం లేదురా" అన్నాడు మావయ్య.

"ఎలా చాలుతుందన్నా? నీ ఇంజనులో కరెంటు పుట్టించే కాయిలు చిన్న బ్యాటరీని నెమ్మదిగా నింపడానికి పెట్టింది. దాంతో రోడ్డంతా వెలిగించమంటే అదెక్కణ్ణుంచి తెస్తుంది? ఎల్ఈడీ బల్బు పెడతానుండు. కాస్త కరెంటుకే దండిగా వెలుగిస్తుంది."

పెట్టాడు. దుకాణం ముందు బండి ఆపి, ఎదురు గోడ మీదికి దీపం వేసి చూపించాడు. మావయ్య సీటు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"తెల్లగా అయితే ఉందిరా. కానీ మధ్యలోనే ముద్దలా పడుతోంది. పక్కలకి పోవట్లేదు."

"పోకపోవడమేంటి! గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కనపడుతుంటే!"

"నీకు కనపడుతుందిలే. వెనకాల దుకాణంలో ట్యూబులైటు పెట్టుకున్నావుగా."

అక్కడున్నవాళ్లం అందరం నవ్వాం. ఫ్యూజు మండిపడి, వెంటనే తనూ నవ్వేశాడు.

అప్పుడే మావయ్యకు ఆల్టర్నేటర్ ఆలోచన వచ్చింది. కార్లలో బ్యాటరీని నింపేది అదే. తుక్కు దుకాణంలో ఓ చిన్న కారుది వెతికి పట్టుకొచ్చాడు. దాన్ని ఇంజను పక్కన బిగించి, బెల్టు వేసి తిప్పితే బండి దీపానికే కాదు, వీధికంతా సరిపడా కరెంటు పుడుతుందన్నాడు. చెప్పినంత తేలిక కాలేదు. ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను కదా, అది నడుస్తుంటే బండి నిలువెల్లా వణుకుతుంది. మందపాటి ఇనప రేకుతో చేసిన బ్రాకెట్టు వారం తిరక్కుండానే పగిలింది. రెండోది ఇంకా మందంగా చేస్తే అది నిలిచింది గానీ, బోల్టులు వాటంతటవే ఊడొచ్చాయి. మూడోసారి మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టి బిగించాడు. పుల్లీని లేతు మీద రెండుసార్లు చెక్కించాడు. ప్యాంటు అంచు బెల్టులో పడి నలగకుండా ఓ పాత పళ్లెం వంచి మూత చేశాడు.

"నా పళ్లెం!" అంది అత్తయ్య.

"చిల్లు పడిందిగా" అన్నాడు మావయ్య.

"మీరు మేకు కొట్టాక పడింది."

ఆ రోజుల్లో ఆయనంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. కొరియర్ ఆఫీసులో పని ముగించుకుని నేను ఇంటికొచ్చేసరికి వరండాలో కూనిరాగం వినపడేది. "ఇలా రావే అమ్మడూ, ఇది చూడు" అని పిలిచి, కొత్తగా పెట్టిన ఓల్టు మీటరు చూపించేవాడు. పని చేసేటప్పుడు మాత్రం పక్కనే ఉన్న పానా కోసం తడుముకునేవాడు. మంచినీళ్ల గ్లాసు మోచేత్తో పడగొట్టేవాడు. గుమ్మానికి భుజం కొట్టుకుంటే, "నాకంటే నా చేతులకీ కాళ్లకీ తొందరెక్కువ" అని నవ్వేవాడు. అత్తయ్య గ్లాసును ఆయన ఎదురుగా జరిపి పెట్టడం మొదలుపెట్టింది. ఎందుకో తనకీ అప్పటికి తెలియదు.

పని పూర్తయిన సాయంత్రం వీధిలో కరెంటు పోయింది. మంచిదే అయిందన్నారు అందరూ, చీకట్లో అయితేనే దీపం సంగతి తేలుతుందని. చుట్టుపక్కలవాళ్లు గేట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మావయ్య మీట ఎత్తిపట్టి కిక్కు కొట్టాడు. పిండి మర లేచింది. హ్యాండిలు దగ్గరున్న ఎర్ర బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

"ఆరిందీ! అంటే ఛార్జింగు ఎక్కుతోందన్నమాట" అని ఫ్యూజు అరిచాడు. ఓల్టు మీటరు ముల్లు లేచి, పద్నాలుగు దగ్గర కదలకుండా నిలబడింది. ఫ్యూజు స్విచ్చు వేశాడు.

బండి ముందు కొత్తగా బిగించిన రెండు దీపాలూ వెలిగాయి. వీధి చివరి గోడ, దాని మీద అంటించి చింపిన కాగితాలు, పక్క డాబా మీద ఆరేసిన బట్టలు, చెత్త డబ్బా మీద కూర్చున్న పిల్లి, అన్నీ పట్టపగల్లా కనిపించాయి. జనం ఓ అన్నారు. అత్తయ్య లోపలికి పరిగెత్తి సూదీ దారం పట్టుకొచ్చింది. వీధి సగం దాకా నడిచి, ఆ వెలుగులో నిలబడి, ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించింది. సూది పైకెత్తి చూపించింది. చప్పట్లు కొట్టారు. ఆవిడ మొహంలో ఎంత గర్వమో! బండి తనే చేసినట్టు.

మావయ్య సీటు మీదే కూర్చుని, ఎక్సలేటరు పట్టుకుని, ముందుకు వంగి చూస్తున్నాడు.

"ఒరేయ్, స్విచ్చు పూర్తిగా వేశావా?" అన్నాడు.

"వేశానన్నా."

"ఇంకా మసగ్గానే ఉందే. అదిగో, పళ్లెమంత మేర కనిపిస్తోంది. చుట్టూ ఏమీ లేదు."

చప్పట్లు ఆగిపోయాయి. ఫ్యూజు ఆయన్ని ఓసారి, గోడని ఓసారి చూశాడు. మెల్లగా నడిచి ఆయన ఎడమ మోచేతి పక్కకి వచ్చి నిలబడి, చెయ్యి పైకెత్తి ఊపాడు. మావయ్య తల తిప్పలేదు.

"అన్నా, నేనెక్కడున్నాను?"

"గేటు దగ్గరున్నావా? ఇంజను చప్పుట్లో తెలీట్లేదురా, దగ్గరికి రా."

చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాడు ఫ్యూజు. అత్తయ్య సూది పట్టుకుని వెలుగులో అలాగే నిలబడిపోయింది.

మావయ్య ఇంజను ఆపేశాడు. "నువ్వు సన్న వైరు వేసుంటావు. మధ్యలో ఎక్కడో కరెంటు పడిపోతోంది. చేసే పనేదో సరిగ్గా చేసి చావొచ్చుగా!" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట అదే మొదటిసారి. ఫ్యూజు భగ్గుమంటాడని అందరం అనుకున్నాం. అతను మండలేదు.

"రేపు లావు వైరు వేద్దాం అన్నా" అన్నాడు నెమ్మదిగా.

అతను మండకపోవడం చూశాకే నాకు భయం వేసింది. మర్నాడు వచ్చి నిజంగానే లావు వైరు వేసి వెళ్లాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదని అతనికి తెలుసు. ఇంకేం చెయ్యాలో తెలియక వేశాడు.

కళ్ల డాక్టరు దగ్గరికి మావయ్య ససేమిరా రానన్నాడు. అత్తయ్య తనకే కళ్లజోడు కావాలని, దారాలు రెండేసి కనిపిస్తున్నాయని అబద్ధమాడి తీసుకెళ్లింది. నన్నూ రమ్మంది. అక్కడికి వెళ్లాక "వచ్చాం కదా, మీవి కూడా చూపించండి" అంది. ఎదురుగా ఉన్న అక్షరాలు ఆయన చివరి వరస దాకా గడగడా చదివేశాడు. "చూశావా?" అన్నట్టు అత్తయ్య వైపు తిరిగాడు. నా ప్రాణం కూడా కాస్త కుదుటపడింది.

తర్వాత ఓ మిషను ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి నేరుగా చూస్తుండాలి. లోపల ఎక్కడో ఓ చుక్క మెరిసినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. ఆయన మొదట చకచకా నొక్కాడు. తర్వాత చెయ్యి ఆగిపోయింది. మిషను తన పాటికి తను టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఆయన బొటనవేలు బటన్ మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చాలాసేపటికి తల ఎత్తి, అక్కడున్న అమ్మాయితో మర్యాదగా చెప్పాడు.

"ఏమ్మా, దీని బల్బులు కొన్ని పోయినట్టున్నాయి. వైరింగు ఎవరికైనా చూపించండి."

డాక్టరమ్మ వయసులో నాకంటే కొంచెం పెద్ద. మిషను ఇచ్చిన కాగితం మా ముందు పెట్టింది. మధ్యలో చిన్న తెల్ల గుండ్రం తప్ప మిగతాదంతా నలుపు. కంటి వెనకాల ఉండే పొర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోందని చెప్పింది. మొదట చీకట్లో చూపు తగ్గుతుందట, తర్వాత పక్కలు పోతాయట. ఎన్నేళ్ల నుంచో మొదలై ఉంటుందంది.

మావయ్య శ్రద్ధగా విన్నాడు, జనరేటరు జబ్బు గురించి వింటున్నట్టు.

"అంటే దీపం బాగానే ఉంది. లోపల కాయిలు పోయింది."

"దాదాపు అంతేనండి."

"కాయిలు మార్చొచ్చా?"

"ఇప్పటికైతే మన చేతుల్లో లేదండి. ఇంకెవరైనా డాక్టరుకు చూపించుకుంటానంటే రాసిస్తాను. బండి మాత్రం ఇక నడపకండి."

రెండో డాక్టరుకూ చూపించాం. ఆయనా అదే కాగితం చూసి అదే మాట చెప్పాడు.

వారం పాటు బండి ముట్టుకోలేదు మావయ్య. ఆ తర్వాత, పగలు బాగానే కనిపిస్తోంది కదా, ఎండలో వెళ్లి ఎండలో వస్తానన్నాడు. అత్తయ్య బతిమాలింది, ఏడ్చింది, ఓ రోజంతా మాట్లాడ్డం మానేసింది. చివరికి ఫ్యూజు దుకాణానికి వెళ్లింది. వెంట నేనున్నాను.

"తమ్ముడూ, ఆ బండి కదలకుండా ఏదైనా ఒకటి పీకి దాచెయ్యి. ఆయన అడిగితే చెడిపోయిందని చెప్పు."

ఫ్యూజు తల గోక్కున్నాడు. "ఏం పీకను వదినా? పెట్రోలు బండైతే ప్లగ్గు వైరు లాగేస్తే సరిపోయేది. దీనికి తాళం లేదు, ప్లగ్గు లేదు. బ్యాటరీ తీసేసినా నడుస్తుంది. ఆల్టర్నేటరు తీసేసినా నడుస్తుంది. తన్నేవాడుంటే చాలు."

"డీజిల్ ఒంపేస్తే?"

"ఫ్యాక్టరీలో డ్రమ్ములు డ్రమ్ములుంటుంది. పైగా ఏది పీకినా అన్న అయిదు నిమిషాల్లో కనిపెట్టేస్తాడు. ఆ బండిలో ఆయనకి తెలియంది ఏముంది?"

మేమిద్దరం తిరిగొచ్చాం.

మర్నాడు పొద్దున్న అత్తయ్య మిషను మీద గుడ్డ కప్పేసి, చెప్పులు వేసుకుని వచ్చి, బండి వెనక సీటు మీద కూర్చుంది. "పదండి" అంది.

"నువ్వెక్కడికి?"

"మీరెక్కడికైతే అక్కడికే."

మొదట పక్కల ఏముందో చెవిలో చెప్పాలనుకుంది. ఆ పిండి మర చప్పుట్లో చెవిలో అరిచినా వినపడదు. అందుకని చేతులు ఆయన రెండు భుజాల మీద పెట్టి కూర్చునేది. ఎడమ పక్క ఎవరైనా వస్తుంటే ఎడమ భుజం మీద తట్టేది, కుడి పక్కయితే కుడి మీద. రెండు భుజాలూ నొక్కితే ఆపమని. పొద్దున ఫ్యాక్టరీ దాకా వెళ్లి దించేది. ఆవిడకి బండి నడపడం రాదు కాబట్టి దించేది అనడానికి వీల్లేదు. తనే దిగి, బస్సెక్కి ఇంటికొచ్చి, కాసేపు కుట్టి, మధ్యాహ్నం మళ్లీ బస్సెక్కి వెళ్లి, ఆయన్ని తీసుకొచ్చేది. వీధిలో వాళ్లకి వింతగా ఉండేది. "ఈ వయసులో షికార్లేంటమ్మా!" అని నవ్వేవాళ్లు. ఆవిడ కూడా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం దారం ఎన్నిసార్లు పెట్టినా సూది బెజ్జంలోకి పోయేది కాదు. సూదిలో దారం నాచేత ఎక్కించుకునేది.

అలా కొన్నాళ్లు గడిచింది. మావయ్యకు ధైర్యం వచ్చింది. అత్తయ్యకు మాత్రం రోజురోజుకీ నిద్ర తగ్గింది.

ఓ రోజు సందులోంచి సైకిలు మీద ఒకతను ఉన్నట్టుండి కుడి పక్కకి దూసుకొచ్చాడు. అత్తయ్య తట్టింది. కంగారులో రెండు చేతులతోనూ తట్టేసింది. ఆయన ఆపాలా, తిప్పాలా అని తటపటాయించాడు. సైకిలతను ఎలాగో తప్పించుకున్నాడు. బండి పక్కకి ఒరిగింది. మావయ్య కాళ్లు ఆన్చుకుని నిలబడ్డాడు. అత్తయ్య వెనక నుంచి పడి, నేలకి చెయ్యి ఆన్చింది. మణికట్టు విరిగింది.

ఆవిడ పడిందని ఆయన వెంటనే తెలుసుకోలేకపోయాడట. భుజాల మీద చేతులు లేవని మాత్రం తెలిసింది. ఆవిడ ఎటు పడిందో కనపడక, బండి పట్టుకుని అక్కడే తిరుగుతూ "ఎక్కడున్నావ్? ఎక్కడున్నావే?" అని అరిచాడట. ఆవిడ ఆయన కాళ్ల దగ్గరే ఉంది. నొప్పికి మాట రాలేదు.

ఆ రోజు బండిని ఫ్యూజు తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. మళ్లీ దాన్ని ఎవరూ స్టార్టు చెయ్యలేదు. అత్తయ్య చెయ్యి అతుక్కుంది గానీ కాస్త వంకరగా అతుక్కుంది. పెద్ద కత్తెర ఎక్కువసేపు పట్టుకోలేదు. చిన్న చిన్న పనులు, గుండీలు కుట్టడం లాంటివే తీసుకుంటోంది. ఆయన్ని ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో అని మావయ్య నాతో ఒకసారి అన్నాడు.

ఫ్యాక్టరీలో సంగతి తెలిసింది. తిరిగే బెల్టుల మధ్య పక్కలు కనపడని మనిషిని ఎలా ఉంచుతామన్నారు. తప్పు పట్టడానికి లేదు. గేటు దగ్గర కూర్చుని ఐసు దిమ్మలకు టోకెన్లు చింపి ఇచ్చే పని ఇచ్చారు. పొద్దున్నే ఆయన్ని నేను బస్సెక్కిస్తాను. బస్సు నంబరు చదవగలడు, అది మధ్యలో ఉంటుంది కాబట్టి. మెట్టు ఎక్కడుందో మాత్రం కాలితో వెతుక్కుంటాడు. వెనకాల జనం తొందరపెడతారు. ఆయన "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటాడు.

పోయిన ఆదివారం వరండాలో కూర్చుని ఆల్టర్నేటరు విప్పడం మొదలుపెట్టాడు. ఫ్యూజు దగ్గర ఎవరికో కావాలట. ఊరికే తుప్పు పట్టడమెందుకు, పనికొచ్చేవాళ్లకి ఇచ్చేద్దామన్నాడు. మధ్యాహ్నం ఎండ వరండా అంతా పడుతోంది. బెల్టు వదులు చేసి తీశాడు. మూడు బోల్టులు విప్పి వరసగా పెట్టాడు. నాలుగోది చేతిలోంచి జారి పడింది.

వంగి వెతకడం మొదలుపెట్టాడు. అరచేతిని నేల మీద ఆన్చి, ముందుకీ వెనక్కీ తుడిచినట్టు జరుపుతున్నాడు. బోల్టు ఆయన కుడి మోకాలు పక్కనే ఉంది. ఎండలో మెరుస్తోంది. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. తీసి చేతికిస్తే ఇది కూడా చేసుకోలేడా అన్నట్టుంటుంది. ఇవ్వకపోతే అలా వెతుక్కుంటూనే ఉంటాడు. లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఆయన చెయ్యి ఓసారి బోల్టు అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది.

లోపల్నుంచి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. ఓ క్షణం చూసింది.

"కుడి మోకాలి దగ్గరుందండీ" అంది, గుండీ ఏదో పడిందని చెప్పినట్టు.

"ఊఁ" అన్నాడు మావయ్య. బోల్టు తీసుకుని, మిగతా మూడింటి పక్కన పెట్టాడు. అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. ఆల్టర్నేటరు ఊడొచ్చాక, దాన్ని ఒళ్లో పెట్టుకుని, గుడ్డతో మట్టి తుడుస్తూ కూర్చున్నాడు. ఫ్యూజు వచ్చి పట్టుకెళ్లేదాకా తుడుస్తూనే ఉన్నాడు.